ఏ అనాలిసిస్ పుస్తకం చదవాలి? నేను ఎంచుకున్న తీరు

ఎమ్మెస్సీ తర్వాత కొన్నేళ్లు విజయనగరంలో డిగ్రీ పిల్లలకు లెక్కలు చెప్పి, ఆ తర్వాత విశాఖలో పీహెచ్‌డీకి చేరాను. పరిశోధన పాక్షిక అవకలన సమీకరణాల మీద, మా వాళ్లందరూ పీడీఈలు అనేవాటి మీద. వాటికి పునాది అనాలిసిస్, అంటే లిమిట్లు, కన్వర్జెన్స్, ఇంటిగ్రల్స్‌ని నిక్కచ్చిగా చదివే గణిత శాఖ. చేరిన కొత్తలోనే గైడ్ గారిని అడిగాను: "సార్, అనాలిసిస్ మళ్లీ గట్టిగా చదవాలనుకుంటున్నాను. ఏ పుస్తకం పట్టుకోమంటారు?" ఆయన ఏ పేరూ చెప్పలేదు. డిరిక్లే సమస్యకు (అంచు మీద విలువలు ఇచ్చి లోపల సమీకరణం సాధించమనేది) వీక్ సొల్యూషన్లు (సమీకరణాన్ని ఇంటిగ్రల్ రూపంలో తీర్చేవి) ఎలా కడతారో చెప్పే ఒక నోట్సు చేతికిచ్చి, "ఇది చదవమ్మా. ఎక్కడ ఆగిపోతే ఆ వాక్యం ఒక కాగితం మీద రాసుకో. ఏ పుస్తకం కావాలో ఆ కాగితం చూశాక మాట్లాడుకుందాం" అన్నారు.

నేను ఆగిన చోట్లు చాలానే ఉన్నాయి. మొదటి పేజీల్లోనే ఒక వాక్యం: ఈ సీక్వెన్స్ ఎల్‌టూలో (వర్గం చేసినా ఇంటిగ్రల్ పరిమితంగా ఉండే ఫంక్షన్ల స్పేస్‌లో) కన్వర్జ్ అవుతోంది కాబట్టి దీనిలో ఒక సబ్‌సీక్వెన్స్ దాదాపు అన్ని చోట్లా కన్వర్జ్ అవుతుంది. ఎందుకో అక్కడ లేదు. కాస్త ముందుకెళ్తే, డామినేటెడ్ కన్వర్జెన్స్ థీరమ్ పేరు చెప్పి లిమిట్‌ని ఇంటిగ్రల్ లోపలికి పంపేశారు. డామినేట్ చేసే ఫంక్షన్, అంటే సీక్వెన్స్ మొత్తాన్నీ పైనుంచి కప్పే, ఇంటిగ్రల్ పరిమితమైన ఫంక్షన్, ఏదో చదివేవాళ్లే వెతుక్కోవాలి. ఇంకోచోట రెండు ఇంటిగ్రల్స్ వరస మార్చి, "ఫుబిని" అని ఒక్క మాట రాసి వదిలేశారు. అన్నిటికన్నా ఎక్కువ రోజులు నన్ను ఆపిన వాక్యం మాత్రం ఇది: ఎల్‌టూలో ఉన్న ఏ ఫంక్షన్‌కైనా, కాంపాక్ట్ సపోర్ట్ ఉన్న (ఒక పరిమిత ప్రాంతం బయట సున్నా అయ్యే) స్మూత్ ఫంక్షన్లతో కావలసినంత దగ్గరికి వెళ్లవచ్చు.

ఈ థీరమ్‌లలో చాలావాటి పేర్లు ఎమ్మెస్సీలో విన్నవే. మెజర్ థియరీ (సెట్లకు పొడవు, వైశాల్యం లాంటి కొలత ఇచ్చే సిద్ధాంతం) పేపర్‌ని యూనిట్ల వారీగా చదివి, పెద్ద ప్రశ్నలకు వచ్చే ప్రూఫులు మళ్లీ మళ్లీ రాసి నేర్చుకునే పద్ధతి మనకు అలవాటైనదే. స్టేట్‌మెంటూ ప్రూఫూ ఆ పద్ధతిలో గట్టిగానే వస్తాయి. కానీ ఒక కండిషన్ తీసేస్తే ఏం కూలుతుందో, దగ్గర దగ్గరగా కనిపించే రెండు థీరమ్‌లలో ఎక్కడ ఏది వాడాలో దానివల్ల తెలియదు. పరిశోధనలో రోజూ కావలసింది అదే. అందుకని పుస్తకాల పేర్ల పట్టిక కన్నా ముందు, నేను ఆగిన వాక్యాల కాగితాన్నే కొలతగా పెట్టుకున్నాను. ఏ పుస్తకం ఎంత గొప్పదన్న చర్చ పక్కనపెట్టి, ఈ నాలుగు వాక్యాల దగ్గరికి ఏది నన్ను ఎలా తీసుకెళ్తుందో చూద్దామనుకున్నాను.

అడిగితే అందరి నోటా మొదట వచ్చే పేరు రుడిన్. అయితే వాల్టర్ రుడిన్ రాసిన ప్రసిద్ధ పాఠ్యపుస్తకాలు మూడున్నాయి, మూడూ వేర్వేరు మెట్లు. 'ప్రిన్సిపుల్స్ ఆఫ్ మ్యాథమెటికల్ అనాలిసిస్' 1953లో మొదట వచ్చింది. ఇప్పుడు మనం చదివేది 1976 నాటి మూడో ఎడిషన్. విద్యార్థులు దీన్ని 'బేబీ రుడిన్' అంటారు. రెండోది 'రియల్ అండ్ కాంప్లెక్స్ అనాలిసిస్', 1966లో వచ్చింది, 1987లో మూడో ఎడిషన్ అయింది. మూడోది 1973లో వచ్చిన 'ఫంక్షనల్ అనాలిసిస్'. కాబట్టి ఎవరైనా "రుడిన్ చదువు" అంటే ఏ రుడినో అడిగి తెలుసుకోవాలి. ఎమ్మెస్సీ మొదటి సెమిస్టర్ పిల్లవాడికి రెండో పుస్తకం కొనిపెట్టిన సంగతి నాకు తెలుసు. అది ఎంత మంచి పుస్తకమైనా ఆ పిల్లవాడికి అప్పుడు పనికిరాలేదు.

అందుకే పై మెట్టు పుస్తకాలు తెరవకముందు కింది మెట్టు ఎలా ఉందో చూసుకున్నాను. ఇది చాలామంది వదిలేసే పని, నా దృష్టిలో చాలా ముఖ్యమైనది కూడా. బేబీ రుడిన్‌లో 2వ అధ్యాయం కాంపాక్ట్ సెట్ల గురించి, 7వ అధ్యాయం ఫంక్షన్ల సీక్వెన్సుల గురించి. ఈ రెండింటిలో ఎక్సర్‌సైజులు పుస్తకం మూసి చేయగలిగితే మెజర్ థియరీకి నేల సిద్ధంగా ఉన్నట్టే. 7వ అధ్యాయంలో యూనిఫాం కన్వర్జెన్స్, ఈక్వికంటిన్యుటీ, చివర్లో స్టోన్–వయర్‌స్ట్రాస్ థీరమ్ ఉంటాయి. పైకి వెళ్లాక వచ్చే అప్రాక్సిమేషన్ వాదనలన్నిటి తీరూ ఇక్కడే మొదలవుతుంది. రుడిన్ మరీ బిగువుగా అనిపించేవాళ్లకు అపోస్టల్ ఉంది, మన దగ్గర తేలిగ్గా దొరికే మాలిక్–అరోరా ఉంది. ఒంటరిగా చదువుకునేవాళ్లకైతే టెరెన్స్ టావో రాసిన 'అనాలిసిస్' రెండు భాగాలూ చెబుతాను. వాటిని 2006లో ప్రచురించింది మన ఢిల్లీలోని హిందుస్థాన్ బుక్ ఏజెన్సీయే. సహజ సంఖ్యల పియానో స్వయంసిద్ధాల నుంచి మొదలుపెట్టి ఓపికగా కడుతూ వెళ్తాడాయన. బేబీ రుడిన్ చివరి అధ్యాయం, 11వది, లెబేగ్ సిద్ధాంతం గురించే. కానీ అది పరిచయం వరకే సరిపోతుంది. దాన్ని చదివి మెజర్ థియరీ అయిపోయిందనుకోవడానికి లేదు.

ఇక పై మెట్టు. ఎమ్మెస్సీ నాటి డి బారా నా దగ్గరే ఉంది. రాయ్‌డెన్ 'రియల్ అనాలిసిస్', గెరాల్డ్ ఫోలండ్ 'రియల్ అనాలిసిస్' లైబ్రరీలో తీసుకున్నాను. రుడిన్ రెండో పుస్తకం భారతీయ ముద్రణ కొన్నాను. ఎలియాస్ స్టైన్, రామి షకర్చీ కలిసి రాసిన ప్రిన్స్‌టన్ వరసలో మూడో పుస్తకం మా సీనియర్ అక్క ఇచ్చింది. ఐఐటీ బొంబాయిలో పనిచేసిన ఇందర్ కె. రాణా పుస్తకం, షెల్డన్ ఆక్స్‌లర్ 2020లో తెచ్చిన పుస్తకం కూడా పక్కన పెట్టుకున్నాను. ఆక్స్‌లర్ పుస్తకం ఇంటర్నెట్‌లో చట్టబద్ధంగా ఉచితంగా దొరుకుతుంది.

అన్నీ మొదటి పేజీ నుంచి చదవడం అయ్యే పని కాదు. ప్రతి పుస్తకంలోనూ అవే చోట్లు తెరిచి చదివాను. ఆ చోట్లలో మొదటిది, లెబేగ్ మెజర్‌ని ఎలా కట్టారు అన్నది.

ఇక్కడ పుస్తకాల స్వభావాలన్నీ బయటపడ్డాయి. రాయ్‌డెన్, డి బారా ఇద్దరూ సంఖ్యారేఖ మీదే మొదలుపెడతారు. ఒక సెట్‌ని విరామాలతో కప్పి, ఆ విరామాల పొడవుల మొత్తంలో అతి తక్కువది ఎంతో చూస్తే ఔటర్ మెజర్ వస్తుంది. ఆ తర్వాత కారథియోడొరీ పరీక్ష: ఏ సెట్‌ని తీసుకున్నా దాన్ని మనం పరీక్షిస్తున్న సెట్ రెండుగా కోసినప్పుడు కొలత సరిగ్గా కలవాలి. అలా కలిపేవే మెజరబుల్ సెట్లు. ఈ దారి సాఫీగా ఉంటుంది కానీ, ఆ పరీక్షే ఎందుకు పెట్టారో మొదటిసారి చదివేవాళ్లకు తోచదు. స్టైన్–షకర్చీ దగ్గర ఆ ఇబ్బంది లేదు. ఎన్ని పరిమాణాల్లోనైనా ఘనాలతో కప్పి ఔటర్ మెజర్ తెచ్చి, మెజరబుల్ అంటే ఏమిటో ఇలా చెబుతారు: ఎంత చిన్న ఎప్సిలాన్ ఇచ్చినా, సెట్‌ని కప్పే ఓపెన్ సెట్ ఒకటి ఉండాలి, అందులో మిగిలిపోయిన భాగం ఔటర్ మెజర్ ఎప్సిలాన్‌కి మించకూడదు. ఈ నిర్వచనం కళ్లకు కనిపిస్తుంది. బొమ్మ గీసి డిగ్రీ పిల్లలకు కూడా చెప్పవచ్చు. కారథియోడొరీ మాటను వాళ్లు 6వ అధ్యాయం దాకా, అబ్‌స్ట్రాక్ట్ మెజర్ వచ్చేదాకా ఆపుతారు.

ఫోలండ్ వరస వేరు. సిగ్మా ఆల్జీబ్రాలు (కొలవదగ్గ సెట్ల కుటుంబాలు), మెజర్, ఔటర్ మెజర్, కారథియోడొరీ, అన్నీ మొదటి నుంచే ఏ సెట్ మీదనైనా పనిచేసేలా చెప్పి, ఆ యంత్రాన్ని సంఖ్యారేఖ మీద నడిపిస్తాడు. లెబేగ్ మెజర్ ఒక్కటే కాకుండా లెబేగ్–స్టీల్‌జెస్ మెజర్లన్నీ ఒకేసారి చేతికొస్తాయి. రాణా మాత్రం రీమాన్ ఇంటిగ్రల్ ఎక్కడెక్కడ చాలకుండా పోతుందో చెప్పి, దాన్ని పెంచే దారులు వెతుకుతూ అక్కడికి చేరతారు. ఆక్స్‌లర్ కూడా రీమాన్ లోపాలతోనే మొదలుపెట్టి, ఔటర్ మెజర్ అన్ని సెట్ల మీదా కూడికకు ఎందుకు లొంగదో వెంటనే చూపిస్తాడు. 'మెజరబుల్' అనే గొడవ ఎందుకు పెట్టుకోవాలి అన్న ప్రశ్నకు జవాబు ముందే దొరికిపోతుంది. నాకు అది చాలా నచ్చింది.

రుడిన్ తన రెండో పుస్తకంలో ఈ దారులేవీ తొక్కడు. 1వ అధ్యాయంలో ఏదో ఒక మెజర్ ఉందనుకుని ఇంటిగ్రల్ సిద్ధాంతం అంతా కట్టేస్తాడు, డామినేటెడ్ కన్వర్జెన్స్‌తో సహా. 2వ అధ్యాయంలో రీస్ రిప్రజెంటేషన్ థీరమ్ నిరూపిస్తాడు. కాంపాక్ట్ సపోర్ట్ ఉన్న కంటిన్యువస్ ఫంక్షన్ల మీద పాజిటివ్ లీనియర్ ఫంక్షనల్ ఉంటే, దాని వెనక ఒక మెజర్ తప్పక ఉంటుందని. ప్రూఫ్ పది మెట్లుగా నడుస్తుంది. లెబేగ్ మెజర్ ఆ థీరమ్ నుంచి ఫలితంగా రాలుతుంది. ఇంత అందమైన కట్టడం నేను ఇంకెక్కడా చూడలేదు, ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. కానీ పొడవు, వైశాల్యం అనే భావన నుంచి మెజర్ ఎలా పుట్టిందో ఇంకా చేతికి రానివాళ్లు ఈ దారిలో వెళ్తే, ప్రతి మెట్టూ సరిచూసుకుంటారు గాని ఎక్కడికి ఎక్కుతున్నారో కనిపించదు. ఒకసారి మెజర్ థియరీ వేరే చోట చదివినవాళ్లకు మాత్రం ఈ అధ్యాయం విందుభోజనం.

రెండో చోటు ఫుబిని థీరమ్. నోట్సులో ఒక్క మాటగా వదిలేసిన చోటే కాబట్టి దీన్ని చాలా జాగ్రత్తగా చూశాను. సిగ్మా ఫైనైట్ అనే కండిషన్, అంటే మొత్తాన్ని పరిమిత కొలత ఉన్న లెక్కించదగినన్ని ముక్కలుగా కోయగలగాలి అన్నది, ఎందుకు? దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటుంది. సున్నా నుంచి ఒకటి దాకా ఉన్న విరామం రెండుసార్లు తీసుకోండి. ఒకదాని మీద లెబేగ్ మెజర్, రెండోదాని మీద కౌంటింగ్ మెజర్, అంటే సెట్‌లో ఎన్ని బిందువులున్నాయో లెక్కపెట్టేది. చతురస్రంలో ఒక మూల నుంచి ఎదురు మూలకు వెళ్లే కర్ణం మీద విలువ ఒకటి, మిగతా చోట్ల సున్నా అయిన ఫంక్షన్ తీసుకోండి. ముందు లెబేగ్ వైపు ఇంటిగ్రేట్ చేస్తే ఒక్కో గీత మీద ఒక్క బిందువే తగులుతుంది, దాని పొడవు సున్నా, కాబట్టి మొత్తం సున్నా. ముందు కౌంటింగ్ వైపు చేస్తే ఒక్కో గీత మీదా ఒకటి వస్తుంది, మొత్తం ఒకటి. వరస మార్చితే జవాబు మారిపోయింది. కౌంటింగ్ మెజర్ ఆ విరామం మీద సిగ్మా ఫైనైట్ కాకపోవడమే కారణం.

ఈ ఉదాహరణని రుడిన్ థీరమ్ అయిన వెంటనే పాఠంలోనే ఇస్తాడు, దాంతోపాటు ఇంకా రెండు ఇస్తాడు. ఒక్కోటీ ఒక్కో కండిషన్‌ని తీసేస్తే ఏమవుతుందో చూపిస్తుంది. ఫోలండ్ ఇదే ఉదాహరణని ఎక్సర్‌సైజుగా పెట్టాడు. స్టైన్–షకర్చీ ఫుబినిని 2వ అధ్యాయంలో లెబేగ్ మెజర్‌కే చెబుతారు కాబట్టి అక్కడ ఈ సందేహమే రాదు. అబ్‌స్ట్రాక్ట్ రూపం తర్వాత వస్తుంది. పీడీఈలలో మేం వాడేది ఎక్కువగా లెబేగ్ మెజరే అయినా, కండిషన్ విలువ తెలియాలంటే అది లేనిచోట ఏం జరుగుతుందో చూడాల్సిందే. ఈ విషయంలో నా ఓటు రుడిన్‌కే.

రాడాన్–నికోడిమ్ థీరమ్ (ఒక మెజర్‌ని ఇంకో మెజర్ మీద ఒక ఫంక్షన్ ఇంటిగ్రల్‌గా ఎప్పుడు రాయవచ్చో చెప్పేది) దగ్గరా రుడిన్ నన్ను కట్టిపడేశాడు. 4వ అధ్యాయంలో హిల్బర్ట్ స్పేస్ (ఎల్‌టూ లాంటి, ఇన్నర్ ప్రాడక్ట్ ఉన్న స్పేస్) చెప్పి పెట్టుకుని, 6వ అధ్యాయంలో వాన్ న్యూమన్ ప్రూఫ్ ఇస్తాడు. హిల్బర్ట్ స్పేస్ మీద బౌండెడ్ లీనియర్ ఫంక్షనల్ అంటే ఒక వెక్టర్‌తో ఇన్నర్ ప్రాడక్టే అన్న మాటలోంచి థీరమ్ మొత్తం వచ్చేస్తుంది. స్టైన్–షకర్చీ కూడా ఈ దారే పట్టారు. వీక్ సొల్యూషన్లు ఉన్నాయని చూపించడానికి పీడీఈలలో వాడేది కూడా ఆ మాటే కనుక, ఈ ప్రూఫ్ నాకు రెండు విధాలా అక్కరకొచ్చింది.

మొదటి ఎక్సర్‌సైజులు పోల్చి చూస్తే పుస్తకం మనతో ఎలా మాట్లాడుతుందో తెలుస్తుంది. రుడిన్ మొదటి ఎక్సర్‌సైజు ఒక్క ప్రశ్న: అనంతంగా ఉండి, లెక్కించదగినన్ని సభ్యులే ఉన్న సిగ్మా ఆల్జీబ్రా ఉంటుందా? అంతే, ఏ ఆధారమూ ఇవ్వడు. ఫోలండ్ ఇదే విషయాన్ని మొదటి అధ్యాయం తొలి ఎక్సర్‌సైజుల్లోనే రెండు మెట్లుగా విడగొట్టాడు. అనంతమైన సిగ్మా ఆల్జీబ్రాలో ఒకదానితో ఒకటి కలవని సెట్ల అనంత సీక్వెన్స్ ఉంటుందని ముందు చూపించమంటాడు, దాని నుంచి సభ్యుల సంఖ్య వాస్తవ సంఖ్యలకు తక్కువ కాదని రాబట్టమంటాడు. మొదటి మెట్టు దొరికితే రెండోది దానంతటదే వస్తుంది. స్టైన్–షకర్చీ మొదటి ఎక్సర్‌సైజు కాంటర్ సెట్ గురించి, బొమ్మ గీసుకుని ఆలోచించేది. వాళ్లు ఎక్సర్‌సైజులు వేరుగా, కఠినమైన ప్రాబ్లమ్స్ వేరుగా పెట్టి, చాలావాటికి సూచనలిస్తారు. డి బారా అయితే వెనకాల సూచనలూ జవాబులూ ఇస్తాడు. అడగడానికి ఎవరూ లేని ఊళ్లో కూర్చుని చదివే విద్యార్థికి ఇది ఎంత అండో నాకు బాగా తెలుసు.

నాకు రుడిన్ ప్రశ్న మీద ఒక వారం గడిచింది. ఆ వారం వృథా అనను, కానీ నా దగ్గర అలాంటి వారాలు ఎక్కువ లేవు. ఒకవైపు కాలేజీ పాఠాలు, ఒకవైపు పరిశోధన. ఫోలండ్ ఎక్సర్‌సైజులు పాఠంలో సగం అని చెప్పాలి. పాఠంలో ఉండాల్సిన ఫలితాలను కూడా అక్కడే పెట్టి, మనల్ని చేసుకోమంటాడు. దాన్ని కొందరు లోపం అంటారు. పెన్ను పట్టుకుని చదివేవాళ్లకు మాత్రం అదే ఆ పుస్తకం బలం.

నేను ఆగిన మొదటి వాక్యం గుర్తుందిగా, ఎల్‌టూలో కన్వర్జ్ అయితే ఒక సబ్‌సీక్వెన్స్ దాదాపు అన్ని చోట్లా కన్వర్జ్ అవుతుందన్నది. దీనికి ఫోలండ్ 2వ అధ్యాయంలో ఒక చిన్న విభాగమే ఉంది, కన్వర్జెన్స్ రకాల గురించి. మొదట్లోనే నాలుగు ఉదాహరణలు. ఎత్తు తగ్గుతూ వెడల్పు పెరిగే దిమ్మె ఒకటి. ఎత్తు మారకుండా అనంతం వైపు జరిగిపోయే దిమ్మె ఒకటి. సన్నబడుతూ ఎత్తు పెరిగే దిమ్మె ఒకటి, దీని ఇంటిగ్రల్ ఎప్పుడూ ఒకటే, లిమిట్ మాత్రం సున్నా. నాలుగోది విరామాన్ని సగాలుగా, పావులుగా, అరపావులుగా కోస్తూ ఒక కొస నుంచి ఇంకో కొసకు తిరుగుతూనే ఉండేది. దాని ఇంటిగ్రల్ సున్నాకు పోతుంది, కానీ ఏ బిందువు దగ్గర చూసినా విలువలు ఒకటికీ సున్నాకీ మధ్య ఊగుతూనే ఉంటాయి. సబ్‌సీక్వెన్స్ ఎందుకు అవసరమో ఆ నాలుగో ఉదాహరణ చూస్తే చాలు. డామినేట్ చేసే ఫంక్షన్ లేకపోతే ఇంటిగ్రల్‌లో ఏం జారిపోతుందో మొదటి మూడూ చెబుతాయి. ఎమ్మెస్సీ పాఠం చెప్పే అవకాశం వస్తే నేను మెజర్ థియరీని ఈ నాలుగు దిమ్మెలతోనే మొదలుపెడతాను.

అంతా అయ్యాక విషయసూచికలు ముందు పెట్టుకుని, నా కాగితంతో సరిచూశాను. స్టైన్–షకర్చీ నన్ను బాగా లాగింది. 5వ అధ్యాయంలో డిరిక్లే సూత్రమే ఉంది, నా నోట్సు విషయం అది. అయితే ఆ మూడో పుస్తకంలో ప్రధానంగా నడిచేది ఎల్‌వన్, ఎల్‌టూలే. మిగతా ఎల్‌పీ స్పేసుల కోసం 2011లో వచ్చిన నాలుగో పుస్తకానికి వెళ్లాలి. రుడిన్ పుస్తకంలో రెండో సగమంతా కాంప్లెక్స్ అనాలిసిస్. రెండింటినీ ఒకే చూపుతో చదవాలనుకునేవాళ్లకు అంతకు మించింది లేదు, నాకు ఆ సమయంలో అది దారి కాదు. ఫోలండ్‌లో మెజర్, ఇంటిగ్రేషన్, కావలసినంత టోపాలజీ, ఫంక్షనల్ అనాలిసిస్, ఎల్‌పీ స్పేసులు, 8వ అధ్యాయంలో కన్వల్యూషన్ (ఒక ఫంక్షన్‌ని ఇంకోదానితో సగటు తీసి నునుపు చేసే పద్ధతి), ఫూరియే, 9వ అధ్యాయంలో డిస్ట్రిబ్యూషన్లు, అక్కడే సోబొలెవ్ స్పేసులు (ఫంక్షన్‌తో పాటు దాని అవకలనాలనూ కొలిచే స్పేసులు). నన్ను ఎక్కువ రోజులు ఆపిన స్మూత్ ఫంక్షన్ల వాక్యానికి జవాబు 8వ అధ్యాయంలో కన్వల్యూషన్ దగ్గర పూర్తిగా ఉంది. ప్రతి అధ్యాయం చివరా ఏ ఫలితం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే నోట్సు ఉంటుంది. ఫోలండ్ స్వయంగా పీడీఈల మీద కూడా పుస్తకం రాసినవాడు, ఆ చూపు ఈ పుస్తకంలోనూ తెలుస్తుంది.

కాబట్టి ప్రధాన పుస్తకంగా 1999 నాటి ఫోలండ్ రెండో ఎడిషన్ పెట్టుకున్నాను. కానీ దాన్నే నేరుగా మొదటి పేజీ నుంచి చదవలేదు. స్టైన్–షకర్చీ మొదటి రెండు అధ్యాయాలు ముందు చదివాను, బొమ్మలు గీసుకుంటూ. అప్పుడు ఫోలండ్ మొదటి మూడు అధ్యాయాలు చాలా వేగంగా సాగాయి. టోపాలజీ అధ్యాయంలో అవసరమైనవి మాత్రం చూసి, 5, 6 అధ్యాయాలు నిలకడగా చదివి, 7వదాన్ని తర్వాతకు వదిలి, 8కి వెళ్లాను. ఫుబిని ఉదాహరణలకూ రాడాన్–నికోడిమ్‌కూ రుడిన్ తెరిచేదాన్ని. 7వ అధ్యాయంలోని రాడాన్ మెజర్ల దగ్గరికి తిరిగి వచ్చినప్పుడు రుడిన్ పది మెట్ల ప్రూఫ్ మళ్లీ చదివితే, ఆ కట్టడం మొత్తం ఒక్క చూపులో కనిపించింది.

ఫోలండ్ గురించి హెచ్చరిక ఒకటి చెప్పాలి. గద్యం చాలా పొదుపు. ఒక వాక్యం వెనక రెండు మూడు పంక్తుల పని ఉంటుంది, దాన్ని మార్జిన్‌లో మనమే రాసుకోవాలి. విదేశీ ముద్రణ ధర కూడా మన జేబుకి బరువే. కొనేముందు లైబ్రరీలో ఒక అధ్యాయమైనా చదివి చూడండి. ఆ పొదుపు పడదనిపిస్తే ఆక్స్‌లర్ ఉచితంగా ఉంది, వివరంగా ఉంది, నిర్వచనాలూ థీరమ్‌లూ రంగుల పెట్టెల్లో విడిగా కనిపిస్తాయి. రాణా పుస్తకానికి తోడుగా ఆయన వీడియో పాఠాలు ఎన్‌పీటెల్‌లో (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదికలో) ఉన్నాయి. పుస్తకం, మనిషి గొంతు రెండూ దొరకడం చిన్న విషయం కాదు.

ఆ రోజుల్లో ఒకసారి గైడ్ గారితో నోట్సు చివరి భాగం చర్చిస్తుంటే లాప్లేస్ ఆపరేటర్ ఐగెన్ విలువల ప్రస్తావన వచ్చింది. "దీని మీద ప్రపంచమంతా ఉటంకించే పేపర్ ఒకటుంది, అది రాసినాయన ఇక్కడే పాఠాలు చెప్పారు, తెలుసా అమ్మా?" అన్నారు. సుబ్బరామయ్య మీనాక్షిసుందరం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, వాల్తేరులో పాఠాలు చెప్పిన ఆయన, స్వీడన్‌కి చెందిన ఓకె ప్లేయెల్‌తో కలిసి రాయగా 1949లో వచ్చిన పేపర్ అది. రీమానియన్ మానిఫోల్డ్‌ల మీద లాప్లేస్ ఆపరేటర్ ఐగెన్ ఫంక్షన్ల గురించి. మీనాక్షిసుందరంతో కలిసి 1952లో 'టిపికల్ మీన్స్' అనే పుస్తకం రాసిన కె. చంద్రశేఖరన్ పుట్టింది మన మచిలీపట్నంలో. ఈ సంగతి నాకు ఎమ్మెస్సీలో తెలియదు. ప్రిన్స్‌టన్ పుస్తకంలో చదువుతున్న విషయం మీద పనిచేసిన ఒకాయన ఈ సముద్రం ఒడ్డునే పాఠాలు చెప్పారని తెలిశాక, ఆ అధ్యాయాలు చదివే ఉత్సాహమే మారిపోయింది.

నా దగ్గరికి వచ్చే పిల్లలు చాలామంది నెట్ (లెక్చరర్ అర్హత) పరీక్ష రాసేవాళ్లు. వాళ్లకు నేను ఫోలండ్ చెప్పను. సీఎస్ఐఆర్ సిలబస్‌లో లెబేగ్ మెజర్, లెబేగ్ ఇంటిగ్రల్ ఉన్నా, ప్రశ్నల బలం ఎక్కువగా సీక్వెన్సులు, కంటిన్యుటీ, యూనిఫాం కన్వర్జెన్స్, మెట్రిక్ స్పేసుల మీదే ఉంటుంది. బేబీ రుడిన్ మొదటి ఏడు అధ్యాయాల ఎక్సర్‌సైజులు, దానికి తోడు డి బారా తొలి అధ్యాయాలు జవాబులతో చేస్తే వాళ్లకు ఎక్కువ మేలు. ప్రాబబిలిటీ వైపు వెళ్లేవాళ్లకు కె. ఆర్. పార్థసారథి 1977లో రాసిన 'ఇంట్రడక్షన్ టు ప్రాబబిలిటీ అండ్ మెజర్' చూపిస్తాను, మెజర్ థియరీ అక్కడ మొదటి నుంచే ప్రాబబిలిటీ కోసం నడుస్తుంది. ఎవరు అడిగినా ముందు నేను అడిగేది మాత్రం ఒక్కటే: ఎక్కడ ఆగావమ్మా, ఆ వాక్యం చూపించు. వాక్యం తెచ్చినవాళ్లకు పుస్తకం చెప్పడం తేలిక. తేనివాళ్లకు ముందు ఏదో ఒక నోట్సు ఇస్తాను.

ఇప్పుడు నా కాగితం మీద కొత్త వాక్యాలు చేరాయి. హిల్బర్ట్ స్పేస్‌లో బౌండెడ్ సీక్వెన్స్‌కి వీక్‌గా (ఒక్కో వెక్టర్‌తో ఇన్నర్ ప్రాడక్ట్ తీసి చూసినప్పుడు) కన్వర్జ్ అయ్యే సబ్‌సీక్వెన్స్ ఎందుకుంటుంది, హిల్బర్ట్ స్పేస్ కాకుండా ఎల్‌వన్ అయితే ఆ మాట ఎందుకు చెల్లదు, సోబొలెవ్ స్పేస్ నుంచి ఎల్‌టూలోకి వెళ్తే వీక్ కన్వర్జెన్స్ కాస్తా మామూలు కన్వర్జెన్స్ ఎలా అవుతుంది. వీటికి ఫోలండ్ ఇచ్చేది చాలదు. హైమ్ బ్రెజిస్ రాసిన ఫంక్షనల్ అనాలిసిస్ పుస్తకం, 1983లో ఫ్రెంచిలో వచ్చి 2011లో ఇంగ్లీషులో విస్తరించింది, హాన్–బనాక్‌తో మొదలై సోబొలెవ్ స్పేసుల దాకా, పీడీఈల దాకా వెళ్తుంది. మన ఎస్. కేశవన్ రాసిన 'ఫంక్షనల్ అనాలిసిస్' హిందుస్థాన్ బుక్ ఏజెన్సీ ముద్రణలో అందుబాటు ధరలో దొరుకుతుంది. ఈసారి మొదట తెరిచిన చోటు వీక్ టోపాలజీ. బ్రెజిస్ 3వ అధ్యాయం, కేశవన్‌లో అదే విషయం ఉన్న అధ్యాయం పక్కపక్కన పెట్టి, ఆ మొదటి వాక్యానికి రెండు పుస్తకాలూ ఇచ్చే ప్రూఫులు రాసుకుంటున్నాను.